మంచం పక్కన కూర్చున్నవారి గాయాలు

(విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక శస్త్రవైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ, ఒత్తిడి లేని వృద్ధాప్యం గురించి మాట్లాడతానని చెప్పారు. అలాంటి వృద్ధాప్యాన్ని నేనింతవరకు ఎక్కడా చూడలేదు. (నవ్వులు) అందుకని లేనిదాన్ని వదిలేసి ఉన్నదాని గురించే మాట్లాడతాను. మనసులో ఉన్న దిగులు ఒంటి మీద ఉన్న పుండును ఏం చేస్తుంది, వయసు దానికి ఎలా తోడవుతుంది అన్నదే ఈ పూట విషయం. నేను జనరల్ సర్జన్‌ని. సర్జన్ అంటే కోసే మనిషి అనుకుంటారు గానీ, కోత గంటలో అయిపోతుంది. కోసింది మానుతోందా లేదా అని చూడటానికి వారాలు పడుతుంది. మా వృత్తిలో అసలు పని అదే.

అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్ నగరంలోని విశ్వవిద్యాలయంలో జానిస్ కీకోల్ట్ గ్లేజర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆవిడ భర్త రోనాల్డ్ గ్లేజర్ అనే వైరస్‌ల నిపుణుడు కలిసి పరిశోధనలు చేసేవారు. భార్యకు మనసు తెలుసు, భర్తకు సూక్ష్మజీవులు తెలుసు. 1995లో వాళ్ల బృందం లాన్సెట్ పత్రికలో ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. ఇంట్లో అల్జైమర్స్ వంటి మతిమరుపు జబ్బుతో ఉన్న మనిషికి సేవ చేస్తున్న 13 మంది స్త్రీలను తీసుకున్నారు. దాదాపు అదే వయసు, అదే ఆదాయం ఉండి, అలాంటి బాధ్యత లేని మరో 13 మందిని తీసుకున్నారు. అందరికీ మోచేతికి దిగువన మూడున్నర మిల్లీమీటర్ల గుండ్రటి గాయం చేశారు. చర్మం ముక్క తీసి పరీక్షకు పంపడానికి మేము వాడే పరికరంతోనే చేశారు. అందరికీ ఒకే కొలత, ఒకే లోతు.

ఆ తర్వాత కొన్ని రోజులకొకసారి గాయాన్ని ఫొటో తీస్తూ, దాని మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి చూశారు. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే కాంపౌండరు గారు పోసిన మందు మీకు గుర్తుండే ఉంటుంది. పచ్చిగా ఉన్న పుండు మీద పోస్తే బుసబుసా నురగ వస్తుంది. పైన కొత్త చర్మం మూసుకుంటే నురగ రాదు. నురగ రాని రోజే గాయం మానిన రోజని లెక్క. బాధ్యత లేనివారికి సగటున 39.3 రోజులు పట్టింది. జబ్బు మనిషిని కనిపెట్టుకుని ఉన్నవారికి 48.7 రోజులు పట్టింది. అంటే తొమ్మిది రోజుల పైచిలుకు తేడా.

జాగ్రత్తగా గమనించండి. జబ్బు ఈ స్త్రీలది కాదు, మంచం మీద ఉన్న మనిషిది. గాయం ఆలస్యంగా మానింది మాత్రం మంచం పక్కన కూర్చున్నవారికి. నేను ఈ పూట చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

26 మందితో ఏం తేలుతుందని మీలో లెక్కలు తెలిసినవారు అడగవచ్చు. ఆ సందేహం న్యాయమైనదే. ఒకరి ఒంటికీ ఇంకొకరి ఒంటికీ ఎన్నో తేడాలుంటాయి. అందుకే 1998లో అదే విశ్వవిద్యాలయం వాళ్లు ఈసారి మనిషిని తనతోనే పోల్చి చూశారు. 11 మంది దంతవైద్య విద్యార్థులకు అంగిలి మీద అంతే గాయం చేశారు. ఒకసారి వేసవి సెలవుల్లో, ఇంకోసారి పెద్ద పరీక్షకు మూడు రోజుల ముందు. సెలవుల్లో కన్నా పరీక్షల ముందు గాయం మానడానికి సగటున మూడు రోజులు ఎక్కువ పట్టింది, అంటే 40 శాతం ఆలస్యం. సెలవుల్లో మానినంత త్వరగా పరీక్షల సమయంలో ఒక్కరికి కూడా మానలేదు. వీళ్లంతా కుర్రవాళ్లు. పరీక్షలు రాయడంలో ఆరితేరినవాళ్లు కూడాను.

ఇంకొకటి చెబుతాను, దంపతులుగా వచ్చినవారు ఒకరి మొహం ఒకరు చూసుకోకండి. (నవ్వులు) 2005లో 42 జంటలను ఒక్కొక్కరోజు చొప్పున రెండుసార్లు ఆసుపత్రిలో ఉంచి, చేతి మీద చిన్న చిన్న నీటి బొబ్బలు పుట్టించి చూశారు. ఒకసారి ఒకరికొకరు ఆసరాగా మాట్లాడుకోమన్నారు, ఇంకోసారి తమ మధ్య తెగని తగువు గురించి మాట్లాడుకోమన్నారు. తగువు తర్వాత బొబ్బలు నెమ్మదిగా మానాయి. మాటల్లో కసి ఎక్కువగా ఉన్న జంటలకు, మిగతావారితో పోలిస్తే 60 శాతం వేగంతోనే మానాయి. దీని మీద వ్యాఖ్యానం అనవసరం.

ఇదంతా ఎలా జరుగుతుందో చూద్దాం. గాయమైన నిమిషాల్లో రక్తం గడ్డకడుతుంది. కొన్ని గంటల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి సూక్ష్మజీవులను చంపుతాయి. ఒకటి రెండు రోజుల్లో మాక్రోఫేజ్‌లు వచ్చి చచ్చిన కణాలను, చెత్తను మింగేసి, కొత్త కణాలను రమ్మని కబురు పంపుతాయి. ఆ కబుర్లు మోసే రసాయనాల్లో ఇంటర్‌ల్యూకిన్-1 ముఖ్యమైనది. అప్పుడే కొల్లాజెన్ తయారవుతుంది, కొత్త రక్తనాళాలు మొలుస్తాయి, పైన చర్మం మూసుకుంటుంది. లోపల ఆ కొల్లాజెన్ సర్దుకుని గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఎంత బాగా మానినా మచ్చకు పాత చర్మంలో 80 శాతం బలమే వస్తుంది.

మొదటి రెండు మూడు రోజులు గాయం ఎర్రగా, వేడిగా, వాచి ఉంటుంది చూడండి, అది చూసి చాలామంది కంగారు పడతారు. ఆ వాపు మరమ్మతు మొదలైందనడానికి గుర్తు. ఒత్తిడి దెబ్బ కొట్టేది సరిగ్గా అక్కడే. దిగులు, భయం, నిద్రలేమి రోజుల తరబడి సాగితే, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తాయి. కార్టిసాల్ ఆ కబుర్లను అణచివేస్తుంది. పరీక్షల ముందు ఆ దంతవైద్య విద్యార్థుల రక్తకణాల్లో ఇంటర్‌ల్యూకిన్-1 తయారీకి కావలసిన సందేశం 68 శాతం తగ్గింది. కబురు అందకపోతే పనివాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

ఒత్తిడికీ ఈ గ్రంథులకూ ఉన్న సంబంధాన్ని 1936లోనే కెనడాలోని మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల్లో గమనించాడు. ఏ రకంగా బాధపెట్టినా, చలిలో ఉంచినా, గాయపరచినా, విషం ఎక్కించినా వాటి ఒంట్లో అవే మార్పులు కనిపించాయి. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, కడుపులో పుండ్లు పడ్డాయి, థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది. థైమస్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

కార్టిసాల్ చేసే పని అర్థం కావాలంటే దాని తోబుట్టువైన మందును చూస్తే చాలు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్ అనే ఆసుపత్రిలో కీళ్లవాతంతో కదలలేని రోగికి కార్టిసోన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. రెండేళ్లకే, 1950లో, ఆ పనికి నోబెల్ బహుమతి వచ్చింది. స్టెరాయిడ్ అద్భుతమైన మందు, ఎందరి ప్రాణాలనో కాపాడుతోంది. కానీ వాపును అణచే మందు మరమ్మతును కూడా అణచేస్తుంది. మన ఊళ్లలో మోకాళ్ల నొప్పులకు ఆర్.ఎం.పి. దగ్గర వారం వారం ఒక సూది వేయించుకునేవాళ్లు, పేరు ఊరు లేని పొడులు నెలల తరబడి మింగేవాళ్లు ఎందరో ఉన్నారు. సూది పడగానే నొప్పి మాయమవుతుంది, డాక్టరు మంచి హస్తవాసి గలవాడని పేరు వస్తుంది. ఏడాది తిరిగేసరికి మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, చర్మం పలచబడి కాస్త ఒరుసుకున్నా నల్లగా కమిలిపోతుంది, కాలికి తగిలిన చిన్న దెబ్బ మూడు నెలలైనా మానదు. అప్పుడు నా దగ్గరికి వస్తారు. ఆ సూదిలో ఏముందో వాళ్లకు తెలియదు, చీటీ ఉండదు. మీరు వాడుతున్న ప్రతి మందు పేరు మీకు తెలిసి ఉండాలి. తెలియకపోతే సీసా పట్టుకురండి. మరో మాట, స్టెరాయిడ్ అని తెలియగానే భయపడి ఒక్కసారిగా మానేయకూడదు. అదీ ప్రమాదమే. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం మెల్లగా తగ్గించుకోవాలి.

ఒత్తిడి అంతా చెడ్డదేనని అనుకోవద్దు. కుక్క తరిమినప్పుడో, వేదిక ఎక్కినప్పుడో కలిగే ఒత్తిడి వేరు. ఫిర్దౌస్ ధాభర్ అనే శాస్త్రవేత్త అలాంటి కొద్దిసేపటి ఒత్తిడిలో తెల్ల రక్తకణాలు దెబ్బ తగలబోయే చోట్లకు, ముఖ్యంగా చర్మానికి తరలుతాయని చూపించారు. అది శరీరం చేసుకునే ముందు జాగ్రత్త. రేపు కూడా ఇదే, ఎల్లుండి కూడా ఇదే అన్న ఒత్తిడే మనిషిని తినేస్తుంది.

ఇక వయసు. వయసుతో గాయాలు నెమ్మదిగా మానతాయని కొలిచి చెప్పిన తొలివారిలో ఒకరు, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు ఆసుపత్రిలో సైనికుల గాయాలను పరిశీలించిన లెకోంత్ ద్యు నూయి. గాయం వైశాల్యాన్ని రోజుల ప్రకారం కొలిచి, అది మానే వేగానికీ మనిషి వయసుకూ సంబంధం ఉందని తేల్చాడు. ఇప్పుడు కారణాలు కూడా కొంత తెలుసు. ముసలితనంలో చర్మం పలచబడుతుంది, కణాలు మెల్లగా విభజన చెందుతాయి, చిన్న రక్తనాళాలు తగ్గుతాయి. స్త్రీలకు ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గడం కూడా ఒక కారణం. షుగరు ఉంటే నరాల స్పర్శ పోయి, దెబ్బ తగిలిన సంగతే తెలియదు.

ఇందాక చెప్పిన థైమస్ రొమ్ము ఎముక వెనుక ఉంటుంది. టి-కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాలకు తర్ఫీదు ఇచ్చేది అదే. యౌవనం దాటాక అది క్రమంగా కొవ్వుగా మారిపోతుంది. మీరంతా ఉద్యోగాలు చేసి వచ్చినవారు కాబట్టి మీ భాషలోనే చెబుతాను. కొత్త నియామకాలు ఆగిపోయిన ఆఫీసును తలచుకోండి. పాత సిబ్బందితోనే నడుస్తుంది. పాత ఫైళ్లు వాళ్లకు కొట్టినపిండి. ఎప్పుడూ చూడని కొత్త ఫైలు వస్తే మాత్రం ఎవరూ ముట్టుకోరు. (నవ్వులు) ముసలి ఒంట్లో పాత జబ్బుల జ్ఞాపకం బాగానే ఉంటుంది, కొత్త వైరస్ వస్తేనే తడబాటు. దానికి తోడు సైటోమెగలో అనే వైరస్ చిన్నతనంలోనే మనలో చాలామంది ఒంట్లో చేరి అక్కడే ఉండిపోతుంది. దాని కాపలాకే టి-కణాల్లో పెద్ద వాటా ఖర్చయిపోతుంది.

అయితే వయసుతో రోగనిరోధక శక్తి తగ్గుతుందని మాత్రమే చెబితే సగం చెప్పినట్టు. ఒకవైపు అది తగ్గుతుంది, మరోవైపు పనిలేని చోట రగులుతుంది. ఏ గాయమూ లేకపోయినా రక్తంలో వాపు రసాయనాలు సన్నగా, ఎడతెగకుండా ఉంటాయి. 2000లో ఇటలీకి చెందిన క్లాడియో ఫ్రాన్సెస్కీ బృందం దీన్ని సిద్ధాంతంగా చెప్పింది. గుండెజబ్బు, షుగరు, కండలు కరగడం, వీటన్నింటికీ దీనితో సంబంధం ఉంది. దీనికి దిగులు ఎలా ఆజ్యం పోస్తుందో గ్లేజర్ దంపతుల బృందమే 2003లో చూపించింది. ఆరేళ్లపాటు చూస్తే, జబ్బు మనిషిని చూసుకునేవారి రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు రసాయనం పెరిగిన వేగం మిగతావారికన్నా దాదాపు నాలుగు రెట్లు ఉంది. ఆ జబ్బు మనిషి కన్నుమూసి కొన్నేళ్లయినా ఆ తీరు మారలేదు.

కాబట్టి రోగనిరోధక శక్తిని పెంచే పొడి, లేహ్యం, కషాయం అంటూ ఎవరైనా అమ్మితే, ఏ శక్తిని పెంచుతుంది నాయనా, తగ్గినదాన్నా, రగిలేదాన్నా అని అడగండి. కరోనా రోజుల్లో ఈ వ్యాపారం ఎలా సాగిందో మీరే చూశారు.

వయసుకు, ఒత్తిడికి మధ్య లింకు ఇంకొకటి ఉంది. అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌తో పాటు డి.హెచ్.ఇ.ఎ. అనే మరో హార్మోనును కూడా తయారు చేస్తాయి. అది కార్టిసాల్ దూకుడుకు కొంత అడ్డు నిలుస్తుంది. ఇరవైలలో అది నిండుగా ఉంటుంది, ఎనభై దగ్గరపడేసరికి అందులో పదో వంతో అయిదో వంతో మిగులుతుంది. కార్టిసాల్ మాత్రం తగ్గదు. అందుకే ఒకే దుఃఖాన్ని ముప్పై ఏళ్ల శరీరం తట్టుకున్నట్టు డెబ్బై ఏళ్ల శరీరం తట్టుకోలేదు. తుంటి ఎముక విరిగిన వృద్ధుల్లో దిగులుతో కుంగినవారి న్యూట్రోఫిల్స్ సరిగా పనిచేయడం లేదని ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పరిశోధకులు గమనించారు. తుంటి విరిగిన తాతగారు ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంటే, ముసలితనం, అంతేలే అని వదిలేయకండి. అది డాక్టరుకు చెప్పవలసిన లక్షణం.

వయసు వైపు నుంచి కూడా ఒక మంచి మాట చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల గాయం ఆలస్యంగా మానుతుంది గానీ, మానాక మచ్చ చాలాసార్లు కుర్రవాళ్ల మచ్చకన్నా సన్నగా, నున్నగా ఉంటుంది. డెబ్బై ఏళ్ల ఆవిడ కడుపు మీద కుట్లు ఆరు నెలల తర్వాత వెతికితే గానీ కనిపించకపోవడం నాకు మామూలే.

మన దగ్గరికి వద్దాం. షుగరు పుండుతో వచ్చిన ఒక పెద్దాయనకు రెండు రోజులకొకసారి కట్టు మార్చేవాళ్లం. ఆయన భార్య తీసుకొచ్చేది. ఒకరోజు ఆయన కాలు పట్టుకోవడానికి ఆవిడ చేయి చాపితే మణికట్టు మీద పుండు కనిపించింది. కుక్కరు ఆవిరి కొట్టిందట. ఎప్పుడమ్మా అంటే, సంక్రాంతికి పిల్లలు వచ్చినప్పుడు అంది. అప్పటికి శివరాత్రి వెళ్లిపోయింది. అంచులు పాలిపోయి, మధ్యలో పక్కు కట్టి, కట్టిన పక్కు ఊడి, మళ్లీ పచ్చిగా ఉంది. షుగరు చూస్తే లేదు. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారని అడిగితే, "ఆయన లేచినప్పుడల్లా లేవాలి కదండీ" అంది. పుండు సంగతి మళ్లీ ఎత్తితే, "నాదేముంది లెండి డాక్టరు గారూ, ఆయన సంగతి చూడండి" అంది.

ఆ మాట నేను ఎంతమంది నోట విన్నానో లెక్క లేదు. భార్య అంటుంది, కోడలు అంటుంది, పెళ్లి మానుకుని తల్లిని చూసుకుంటున్న కూతురు అంటుంది. మగవాళ్లు చేయరని కాదు గానీ, మన ఇళ్లలో ఈ పని ఎవరి నెత్తిన పడుతుందో ఇక్కడున్నవారికి నేను చెప్పనక్కర్లేదు. పిల్లలు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటారు, డబ్బు పంపుతారు, వీడియోలో పలకరిస్తారు. మంచిదే. కానీ రాత్రి రెండింటికి లేచేది ఒక్కరే. డబ్బు పంపేవారికి నేను చెప్పేది, ఆ డబ్బుతో వారానికి రెండు రాత్రులైనా ఒక మనిషిని పెట్టించండి. పక్క ఊళ్లో ఉన్న తమ్ముడో ఆడపడుచో వంతులవారీగా వచ్చి ఉంటే ఇంకా మంచిది. దీన్ని మీరు సాయం అనుకుంటారు, నేను వైద్యం అంటాను.

ఇలా సేవ చేసే మనిషికి టీకా వేయించినా పూర్తి ఫలితం దక్కకపోవచ్చు. 1996లో భార్యకో భర్తకో మతిమరుపు జబ్బు ఉండి, సేవ చేస్తున్న 32 మందికి, సేవ భారం లేని మరో 32 మందికి ఫ్లూ టీకా వేశారు. యాంటీబాడీలు నాలుగు రెట్లు పెరిగినవారు రెండో జట్టులో 66 శాతం ఉంటే, సేవ చేసేవారిలో 38 శాతమే ఉన్నారు. అలాగని టీకా మానేయమని కాదు, వారికే ముందుగా వేయించాలి.

ఇక్కడ ఒక హద్దు గీయాలి. ఇవన్నీ విని ఎవరికైనా పుండు మానకపోతే, నువ్వు దిగులు పడుతున్నావు కాబట్టే మానట్లేదు అని ఆ మనిషి మీదే నేరం మోపకండి. 1991లో షెల్డన్ కోహెన్ బృందం ఇంగ్లండులో 394 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసింది. ఒత్తిడి తక్కువగా ఉన్నవారిలో 27 శాతం మందికి, బాగా ఎక్కువగా ఉన్నవారిలో 47 శాతం మందికి జలుబు వచ్చింది. తేడా నిజమే. అయినా అంత ఒత్తిడిలో ఉండి కూడా సగానికి పైగా జనం తుమ్మకుండా తిరిగారు. మానని పుండుకు ముందు షుగరు, రక్తప్రసరణ, ఇన్ఫెక్షను, పొగ, తిండి చూడాలి. దిగులు ఆ జాబితాలో ఒకటి.

తిండి అన్నాను కాబట్టి పథ్యం గురించి చెప్పకుండా పోలేను. ఆపరేషన్ చేసి పంపిస్తాం. ఇంటికి వెళ్లగానే పెద్దవాళ్లు పప్పు వద్దు, గుడ్డు వద్దు, చీము పడుతుంది అంటారు. రోజూ చారన్నం, ఇడ్లీ పెడతారు. కొల్లాజెన్ ప్రోటీన్‌తో తయారవుతుంది, అది అల్లుకోవడానికి విటమిన్ సి కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, జామకాయ, ఉసిరికాయ తినవలసిన సమయంలోనే వాటిని ఆపేస్తాం. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది, కందిపప్పు వల్ల కాదు. (చప్పట్లు) మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ప్రోటీన్ ఎంత తినాలో డాక్టరును అడిగి తినాలి.

నడక గురించి ఒక్క లెక్క చాలు. 2005లో ఒహాయోలోనే, 55 దాటిన 28 మంది ఆరోగ్యవంతుల్లో కొందరితో వారానికి మూడు రోజులు గంట చొప్పున వ్యాయామం చేయించారు. వాళ్లకు చేసిన చిన్న గాయం 29.2 రోజుల్లో మానితే, చేయనివారికి 38.9 రోజులు పట్టింది. మొదట చెప్పిన అధ్యయనంలో దిగులు వల్ల పోయిన రోజులు కూడా దాదాపు ఇన్నే, గమనించారా? కాలికి పుండు ఉన్నవారు నడవకండి, కుర్చీలో కూర్చుని చేసేవి చేయండి. న్యూజిలాండ్‌లో 2013లో 64 నుంచి 97 ఏళ్ల వయసువారిని మూడు రోజులపాటు రోజుకు 20 నిమిషాలు తమ జీవితంలోని పెద్ద కష్టం గురించి మనసు విప్పి రాయమన్నారు. ఆ తర్వాత చేతి మీద చిన్న గాయం చేసి చూస్తే, పదకొండో రోజుకు వాళ్లలో 76 శాతం మందికి అది మానింది. మామూలు సంగతులు రాసినవారిలో 42 శాతం మందికే మానింది. ఇదీ చిన్న అధ్యయనమే. అయినా ఖర్చు ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను. రాసింది ఎవరికీ చూపించనక్కర్లేదు, కోడలికి అసలే చూపించకండి. (నవ్వులు)

ముందు వరుసలోంచి సర్పి గురించి చీటీ వచ్చింది. అది కూడా ఇందులోదే. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ పోదు, నరాల మొదళ్లలో దాక్కుంటుంది. టి-కణాలు దాన్ని కాపలా కాస్తుంటాయి. యాభై దాటాక కాపలా సడలితే ఒక నరం వెంట, ఒంటికి ఒకవైపునే పొక్కుల పట్టీగా బయటపడుతుంది. తల, తోక కలిస్తే ప్రాణం పోతుందని మనవాళ్లు భయపెడతారు. అది ఒకవైపు నరాన్నే పట్టుకుంటుంది కాబట్టి చుట్టూ తిరిగి కలవడం చాలా అరుదు, కలిసినా ప్రాణం పోదు. కానీ పసర్లు పూయించుకుంటూ, మంత్రం వేయించుకుంటూ కూర్చుంటే మొదటి 72 గంటలు గడిచిపోతాయి. వైరస్ మందు బాగా పనిచేసేది అప్పుడే. ఆలస్యమైతే పొక్కులు మానినా ఆ నరం మంట కొందరికి నెలలు, ఏళ్లు ఉండిపోతుంది. కంటి దగ్గర వస్తే అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. యాభై దాటినవారికి దీనికి టీకా ఉంది, రెండు మోతాదులు, రెండు నుంచి ఆరు నెలల తేడాతో వేస్తారు. మన దేశంలోనూ దొరుకుతోంది, ధర మాత్రం ఎక్కువే. దంపతుల్లో ఒకరు మంచం మీద ఉండి, ఇద్దరికీ వేయించే స్తోమత ఇప్పుడు లేకపోతే, మంచం మీద ఉన్నవారికే ముందు వేయించాలని అనుకోకండి. లేచి తిరుగుతూ సేవ చేస్తున్నవారి విషయం కూడా డాక్టరుతో మాట్లాడండి.

ఇక మీరు అడగండి. వెనుక వరుసలో అమ్మగారు చాలాసేపటి నుంచి చేయెత్తి ఉన్నారు, ముందు మైకు ఆవిడకు ఇవ్వండి.